చేతి తిమ్మిరి, మణికట్టు స్కానింగు: సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

ఆడిట్ అభ్యంతరం అనగానే సంఘాల కార్యదర్శులకు గుండె దడ పుడుతుంది. మేము రాసే అభ్యంతరాలలో సంతకం తేడా ఒకటి. దాణా రిజిస్టరులో ఒకే సభ్యురాలి సంతకం ఏప్రిల్ నెలలో ఒక తీరుగా, సెప్టెంబరు నెలలో మరొక తీరుగా ఉంటే, ఒకరి దాణా మరొకరు తీసుకున్నారేమో అని అనుమానించడం మా విధి. శంకరపల్లి వైపు ఒక సంఘాన్ని తనిఖీ చేస్తున్నప్పుడు మాకు సరిగ్గా అటువంటిదే కనిపించింది. ఏప్రిల్ సంతకం ముత్యాల్లా ఉంది. సెప్టెంబరు సంతకం వంకర టింకరగా, సగంలో ఆగిపోయి ఉంది. అభ్యంతరం రాసి, సదరు సభ్యురాలిని పిలిపించమని కార్యదర్శికి చెప్పాము.

ఆమె వచ్చింది. నాలుగు బర్రెలను రెండు పూటలా తన చేతులతోనే పిండే మనిషి. సంఘం పెట్టిన నాటి నుంచి పాలు పోస్తున్నది. రిజిస్టరు చూసి, "రెండూ నా సంతకాలే సారూ. చెయ్యి తిమ్మిరెక్కుతుంది. పెన్ను పట్టుకున్నట్టే తెలుస్తలేదు" అన్నది. మా ఎదుట సంతకం చేయమన్నాము. పెన్ను రెండుసార్లు వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. మేము రాసిన అభ్యంతరాన్ని మేమే కొట్టివేసి పక్కన పొడి సంతకం పెట్టాము.

అంతటితో మా పని అయిపోయింది. ఆమె బాధ మాత్రం తీరలేదు. "రాత్రి నిద్ర పట్టది సారూ. మంట పుట్టి లేచి, చెయ్యి ఇదిలించుకుంట కూసుంట" అన్న మాట మా చెవిలో ఉండిపోయింది. అప్పటికి ఏడాదిన్నరగా ఆమె దానిని వాతం అనుకుని తైలాలు రాసుకుంటున్నది. ఒకచోట సూదులు కూడా వేయించుకున్నది. గుణం లేదు.

మేము వైద్యులం కాము. సహకార శాఖలో డిప్లొమా చదివి, లెక్కలు చూసే ఉద్యోగులం. కాని ఆ తరువాత జరిగినదంతా దగ్గర నుంచి చూసినందున, ప్రతి సంఘంలోనూ పాలు పిండే చేతులు ఉన్నందున, తెలుసుకున్నది నలుగురికీ చెప్పడం ధర్మమని ఈ వ్యాసం రాస్తున్నాము.

తల్లీ కొడుకులు ఇద్దరి చేతులూ

ఆమె కుమారుడు రాయదుర్గం దగ్గర ఒక సాఫ్టువేరు కార్యాలయంలో ఉద్యోగి. 1998 నవంబరులో ఆనాటి ప్రధాని వాజపేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ ఒక్క భవనంతో మొదలైన హైటెక్ సిటీ నేడు గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట దాకా పెరిగి, సైబరాబాద్ అనే పేరు తెచ్చుకుంది. చేవెళ్ళ, మొయినాబాద్, శంకరపల్లి ప్రాంతాలలో పొద్దున పాలు పిండే ఇళ్ళ నుంచే ఎందరో పిల్లలు అదే పొద్దున ఆ కార్యాలయాలకు బయలుదేరుతున్నారు. తల్లి చేతికి పొదుగు, కొడుకు చేతికి కీబోర్డు.

ఆ అబ్బాయికీ మణికట్టులో నొప్పి ఉంది. ఆ ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవడానికి పోతూ తల్లిని కూడా వెంట తీసుకుపోయాడు. మేము కూడా ఆ దారినే ఇంటికి పోవలసినవారము గనుక ఆసక్తి కొద్దీ వెంట వెళ్ళాము. అక్కడికి పోయేటప్పుడు మా ముగ్గురి అభిప్రాయమూ ఒక్కటే. పగలంతా కంప్యూటరు కొట్టే కొడుక్కే పెద్ద జబ్బు ఉంటుందని, తల్లిది వయసుతో వచ్చిన వాతమని. తిరిగి వచ్చేటప్పటికి ఆ అభిప్రాయం తలకిందులైంది.

మణికట్టులో ఏమున్నది?

ముందుగా ఒక మాట. మనం చేతి మీద నీలంగా కనిపించే వాటిని నరాలు అంటాము. అవి నిజానికి రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకుపోయే సిరలు. ఇక్కడ మనం చెప్పుకునే నరం వేరు. అది మెదడుకూ వేళ్ళకూ మధ్య టెలిఫోను తీగ వంటిది. వేలికి తగిలిన వేడి, చలి, నొప్పి ఆ తీగ ద్వారానే మెదడుకు తెలుస్తాయి. వేలిని మడవమనే ఆజ్ఞ కూడా ఆ తీగ ద్వారానే వస్తుంది.

మణికట్టులో 8 చిన్న ఎముకలు తొట్టి ఆకారంలో అమరి ఉంటాయి. ఆ తొట్టి మీద, అరచేతి వైపున, గట్టి పట్టీ ఒకటి మూతలాగా అడ్డంగా బిగించి ఉంటుంది. ఎముకల తొట్టికీ ఈ పట్టీకీ మధ్య ఏర్పడిన ఇరుకైన దారిని వైద్యులు కార్పల్ టన్నెల్ అంటారు. ఆ దారి గుండా వేళ్ళను మడిచే 9 కండర తాళ్ళు, వాటితోపాటు ఒక నరం పోతాయి. ఈ నరం పేరు మీడియన్ నరం. తాళ్ళు గట్టివి, నరం మెత్తనిది. తాళ్ళ చుట్టూ ఉన్న పొర వాచినా, లోపల నీరు చేరినా ఆ దారి ఇరుకైపోతుంది. తాళ్ళు ఓర్చుకుంటాయి, నరం నలుగుతుంది. ఈ జబ్బునే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు.

మీడియన్ నరం బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి, ఉంగరపు వేలిలో బొటనవేలి వైపు సగానికి స్పర్శ ఇస్తుంది. చిటికెన వేలికి వేరే నరం ఉంది. అందుకే ఆసుపత్రిలో డాక్టరు గారు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతుందా?" అని. "దానికేం లేదు, అది మంచిగనే ఉంది" అని ఆమె జవాబు చెప్పింది. రాత్రిపూట తిమ్మిరితో మెలకువ రావడం, చేయి విదిలిస్తే కొంత నయమనిపించడం, చిటికెన వేలు మాత్రం బాగుండటం, ఈ మూడూ కలిస్తే మణికట్టును అనుమానించాలని డాక్టరు గారు చెప్పారు. ఇది డబ్బు ఖర్చు లేని పరీక్ష. ఇంటి దగ్గరే ఎవరికి వారు చూసుకోవచ్చు.

జబ్బు ముదిరితే బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ కరిగిపోతుంది. పట్టు తప్పుతుంది. కరిగిన కండ తిరిగి పూర్తిగా రాకపోవచ్చు. ఆలస్యం వల్ల వచ్చే అసలు నష్టం ఇదే.

ధ్వనితో చూడటం మనకు కొత్త కాదు

ఆమెకు చేసిన పరీక్ష పేరు అల్ట్రాసౌండ్ స్కానింగు. ఆ మాట వినగానే కడుపుతో ఉన్న ఆడవారికి చేసే పరీక్ష అనే అందరూ అనుకుంటారు. కాని పాల సంఘం సభ్యులకు ఈ ధ్వనితో మరో రెండు విధాలుగా పరిచయం ఉన్నది.

మొదటిది పాల కేంద్రంలోని మిల్క్ ఎనలైజరు. ఆ యంత్రాలలో చాలా వాటిలో మన చెవికి వినిపించని ధ్వనిని పాల గుండా పంపుతారు. వెన్న, వెన్నేతర ఘనపదార్థాలు ఎక్కువ తక్కువలను బట్టి పాలలో ధ్వని వేగం మారుతుంది. ఆ మార్పును లెక్కగట్టి యంత్రం అంకెలు చూపిస్తుంది. రెండవది పశువుల డాక్టరు గారి స్కానింగు. చేత్తో తడిమి చూసే పరీక్షకంటే ముందే, సుమారు నెల రోజుల చూడిని కూడా ఆ యంత్రం పట్టిస్తుంది.

మణికట్టు పరీక్ష కూడా ఈ కుటుంబంలోనిదే. మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాల దాకా వినగలదు. కడుపు స్కానింగులో వాడే ధ్వని సెకనుకు సుమారు 30 నుంచి 50 లక్షల కంపనాలది. మణికట్టుకు వాడేది దానికంటే సన్నటి ధ్వని, సెకనుకు 1 కోటి 20 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల కంపనాల దాకా ఉంటుంది. కంపనాలు పెరిగిన కొద్దీ బొమ్మ సన్నగా, స్పష్టంగా వస్తుంది. కాని ధ్వని లోతుకు పోలేదు. మణికట్టులో నరం చర్మం కిందనే ఉన్నది కాబట్టి లోతుతో పని లేదు, స్పష్టతే కావాలి.

బావిలోకి తొంగి చూసి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది. నీరు దగ్గరగా ఉంటే త్వరగా, లోతుగా ఉంటే ఆలస్యంగా వస్తుంది. ఈ యంత్రం చేసేదీ అదే. శరీరంలో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుంది. ఒక సెంటీమీటరు లోతుకు పోయి తిరిగి రావడానికి సెకనులో సుమారు 77 వేలవ వంతు కాలం పడుతుంది. అంతటి స్వల్ప కాలాన్ని కూడా యంత్రం కొలిచి, ఏది ఎంత లోతున ఉందో చుక్కలుగా తెర మీద పెడుతుంది. ఎక్స్‌రేలో వలె ఇందులో కిరణాల ప్రసక్తి లేదు. నొప్పి లేదు. సూది లేదు.

ఎలా కొలిచారు?

మేము చూసినది చూసినట్లు రాస్తున్నాము. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, చేతిని దిండు మీద అరచేయి పైకి ఉండేలా పెట్టించారు. వేళ్ళు వదులుగా ఉంచమన్నారు. మణికట్టు ముడుత మీద చల్లని జెల్ రాశారు. చర్మానికీ యంత్రపు మొనకూ మధ్య గాలి ఉంటే ధ్వని లోపలికి పోదు, అందుకే ఈ జెల్. తరువాత అరచేతి మొదట చిటికెన వేలి వైపున బఠాణీ గింజంత ఎముకను గుర్తుగా తీసుకుని, ఆ మట్టానికి మొనను అడ్డంగా ఆనించారు.

తెర మీద కండర తాళ్ళు తెల్లగా మెరుస్తూ కనిపించాయి. వాటిపైన కోడిగుడ్డు ఆకారంలో, లోపల తేనెపట్టు గదులవలె నల్లని చుక్కలతో ఒకటి కనిపించింది. "ఇదే మీ నరం" అని డాక్టరు గారు చూపించారు. వేళ్ళు కదిలించమంటే తాళ్ళు జరజర జరిగాయి, నరం మాత్రం కొద్దిగానే కదిలింది. బొమ్మను నిలిపి, నరం చుట్టూ ఉన్న తెల్లని అంచుకు లోపలి గీత వెంట గుర్తు తిప్పారు. యంత్రం వైశాల్యం లెక్కగట్టి చూపించింది. 16 చదరపు మిల్లీమీటర్లు.

ఆ అంకెకు అర్థమేమిటి? ఈ చోట మీడియన్ నరం వైశాల్యం మామూలుగా 10 చదరపు మిల్లీమీటర్లకు లోపు ఉంటుంది. ఒక పెసరగింజను అడ్డంగా కోస్తే కనిపించే ముఖమంత అన్నమాట. గీటురాయిగా కొందరు వైద్యులు 9ని, మరికొందరు 12 దాకా తీసుకుంటారు. 16 అంటే ఏ లెక్కన చూసినా ఎక్కువే.

నలిగిన నరం సన్నబడాలి కదా, లావెందుకు అవుతుంది అని మేము అడిగాము. పొలానికి నీరు పారించే రబ్బరు పైపును కాలితో తొక్కితే తొక్కిన చోట చదునై, దానికి ముందు భాగం ఉబ్బుతుంది. నరం కూడా ఇరుకులో చదునై, ఇరుకు మొదట్లో వాస్తుందట. అందుకే ఆ దారి ఆరంభమయ్యే చోటనే కొలుస్తారు.

అంతటితో ఆపలేదు. మనిషికీ మనిషికీ కట్టుబాటులో తేడా ఉంటుంది. లావుపాటి వారి నరం సహజంగానే కొంచెం పెద్దదిగా ఉండవచ్చు. అందుచేత మణికట్టు నుంచి సుమారు 12 సెంటీమీటర్లు పైన, ముంజేతిలో కూడా అదే నరాన్ని కొలిచారు. అక్కడ 7 వచ్చింది. అంటే ఒకే నరం మణికట్టు దగ్గరకు వచ్చేసరికి రెండింతలకు పైగా ఉబ్బింది. ఈ నిష్పత్తి సుమారు 1.4 దాటితే అనుమానించాలని వారి లెక్క. ఎవరి నరానికి వారి నరమే కొలబద్ద కావడం మాకు ఎంతో సబబుగా తోచింది.

కొడుకు చేతిని కూడా ఇదే విధంగా కొలిచారు. మణికట్టు దగ్గర 8, ముంజేతిలో 7. నరానికి ఏ జబ్బూ లేదు. అయితే అదే మొనను బొటనవేలి వైపుకు జరిపి చూడగా, బొటనవేలి తాళ్ళ చుట్టూ ఉన్న పొర వాచి కనిపించింది. అతని నొప్పికి కారణం అది. దానికి వైద్యం వేరు.

ఒక్క అంకెను నమ్మరాదు

పాత సభ్యులకు లాక్టోమీటరు సంగతి తెలుసు. పాలలో నీళ్ళు కలిపితే లాక్టోమీటరు అంకె తగ్గుతుంది. వెన్న తీస్తే పెరుగుతుంది. రెండూ చేసినవాడి పాలలో లాక్టోమీటరు మంచి అంకెనే చూపించవచ్చు. అందుకే లాక్టోమీటరుతోపాటు వెన్న శాతం కూడా చూడాలని మనం నియమం పెట్టుకున్నాము. మణికట్టు పరీక్షలోనూ ఇదే న్యాయం.

స్కానింగు నరం ఆకారాన్ని కొలుస్తుంది. నరం పని చేస్తున్నదా లేదా అన్నది మరో పరీక్ష చెబుతుంది. దానిని నెర్వ్ కండక్షన్ పరీక్ష అంటారు. చర్మం మీద చిన్న విద్యుత్తు దెబ్బలు ఇచ్చి, నరంలో వార్త ఎంత వేగంగా పోతున్నదో చూస్తారు. కొంచెం చురుక్కుమంటుంది. కొందరికి ఆకారం మారి వేగం బాగుంటుంది. కొందరికి వేగం తగ్గి ఆకారం మామూలుగా ఉంటుంది. కావున రోగి చెప్పే లక్షణాలు, డాక్టరు చేతి పరీక్ష, ఈ రెండు కొలతలు కలిపి చూసి తీర్మానించాలి. అంకె 11 వచ్చినంత మాత్రాన ఆపరేషను అవసరమని గాని, 9 వచ్చినంత మాత్రాన బాధ అబద్ధమని గాని అనుకోరాదు.

కొలిచే చేతిని బట్టి కూడా అంకె మారుతుంది. బుటిరోమీటరును కంటి మట్టానికి పట్టకుండా, 65 డిగ్రీల వేడినీటిలో ఉంచకుండా చదివితే వెన్న శాతం తప్పు వస్తుందని మన టెస్టర్లకు తెలుసు. ఇక్కడ కూడా మొనను వాలుగా పట్టితే తెల్లని తాళ్ళు నల్లబడి, నరమేదో తాడేదో పోల్చుకోవడం కష్టమవుతుంది. గట్టిగా అదిమితే ఆకారం మారుతుంది. అంచుకు బయటి నుంచి గీస్తే అంకె పెరుగుతుంది. నరాల స్కానింగు అలవాటు ఉన్నవారి చేతనే చేయించుకోవాలి.

ఈ పద్ధతి నిన్న మొన్న వచ్చినది కాదు. 1991లో ఆస్ట్రియా దేశపు వైద్యుడు బుఖ్‌బెర్గర్, ఆయన సహచరులు మణికట్టు లోపలి మార్పులను అల్ట్రాసౌండ్‌తో చూపించి ప్రకటించారు. ఆ తరువాత పలు దేశాలలో పరిశోధనలు సాగాయి. 2012లో అమెరికాలోని నరాల పరీక్షల వైద్యుల సంఘం వాటన్నిటినీ పరిశీలించి, మణికట్టు దగ్గర మీడియన్ నరం వైశాల్యాన్ని కొలవడం ఈ జబ్బును గుర్తించడానికి నమ్మదగిన పరీక్షేనని మార్గదర్శకం ఇచ్చింది. పైగా నరం రెండు పాయలుగా చీలి ఉన్నా, పక్కన గడ్డ ఉన్నా, అదనపు రక్తనాళం ఉన్నా స్కానింగులో కనిపిస్తాయి. విద్యుత్తు పరీక్షలో అవి కనిపించవు.

కీబోర్డా, పొదుగా?

కంప్యూటరు వల్లనే ఈ జబ్బు వస్తుందని పట్నంలో గట్టి నమ్మకం. అయితే కీబోర్డు వాడకం ఒక్కటే కారణమని పరిశోధనలు తేల్చలేదు. ఫలితాలు రెండు విధాలా ఉన్నాయి. బలంగా పట్టి బిగించడం, అదే పని మళ్ళీ మళ్ళీ చేయడం, మణికట్టును వంచి ఉంచడం, అదిరే యంత్రాలను పట్టుకోవడం, వీటికి మాత్రం ఈ జబ్బుతో గట్టి సంబంధం ఉన్నట్లు తెలిసింది. పాలు పిండే చేయి ఒక్కొక్క పూట వందల సార్లు పిడికిలి బిగించి వదలాలి. అమెరికాలోని కొలరాడోలో పాలు పితికే శాలలలో పనిచేసేవారిని పరీక్షించగా, ఇతర పనులు చేసేవారి కంటే వీరిలోనే ఈ జబ్బు ఎక్కువగా ఉన్నదని 2012లో ప్రకటించారు. అక్కడ యంత్రాలతో పితుకుతారు. మన ఇళ్ళలో అంతా చేతి పనే.

చేతి పని ఒక్కటే కాదు. మధుమేహం, థైరాయిడ్ తగ్గుదల, కీళ్ళవాపు, స్థూలకాయం ఉన్నవారికి, గర్భిణులకు ఈ బాధ ఎక్కువ. మగవారికంటే ఆడవారికి ఎక్కువ. మన సభ్యురాలికి రక్త పరీక్ష చేయగా షుగరు కూడా బయటపడింది. అప్పటిదాకా ఆమెకు ఆ సంగతే తెలియదు. కొడుకు వంటి ఉద్యోగులూ నిశ్చింతగా ఉండరాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు హైదరాబాదు ఐటీ ఉద్యోగులను పరిశీలించి, వారిలో దాదాపు సగం మందికి నడుము చుట్టుకొలత, రక్తపోటు, చక్కెర, కొవ్వుల లెక్కలు కలిసి కట్టుగా తప్పి ఉన్నాయని 2023లో ప్రకటించారు. నేటి చక్కెరే రేపు నరానికి చేటు.

వైద్యం ఏమిటి?

తొలి దశలో రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే పట్టీ కట్టుకుంటే చాలామందికి నయమనిపిస్తుంది. దానితో తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షను ఇస్తారు. స్కానింగులో చూస్తూ ఇస్తే సూది నరానికి తగలకుండా జాగ్రత్తపడవచ్చు. అప్పటికీ తగ్గకపోయినా, కండ కరగడం మొదలైనా ఆపరేషను చేస్తారు. మణికట్టు మీద మూతలాగా ఉన్న పట్టీని కోసి నరానికి చోటు కల్పిస్తారు. చేతి వరకే మత్తు ఇచ్చి చేసే చిన్న ఆపరేషను ఇది.

మన సభ్యురాలికి పట్టీతో ఫలితం కనిపించే దశ దాటిపోయింది. కుడిచేతికి ఆపరేషను చేశారు. రాత్రి మంట కొద్ది రోజులలోనే తగ్గింది. వేళ్ళకు స్పర్శ నెలల మీద వచ్చింది. బొటనవేలి బలం ఇంకా పూర్తిగా రాలేదు. ఎడమచేతికి తొలి దశే గనుక పట్టీ కట్టారు. ఏడాదిన్నర ముందు వచ్చి ఉంటే రెండు చేతులకూ పట్టీతోనే సరిపోయేదేమో. తైలాలకు పోయిన కాలం తిరిగి రాదు.

సభ్యులకు, సిబ్బందికి సూచనలు

1. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతూ రాత్రి మెలకువ వస్తుంటే, నెలల తరబడి ఆగవద్దు. వాతలు పెట్టించుకోవద్దు. ఎముకల డాక్టరుకు గాని, నరాల డాక్టరుకు గాని చూపించుకోండి. షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి. పంజాగుట్టలోని నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులలో నరాల విభాగం ఉన్నది.

2. స్కానింగు రిపోర్టులో నరం వైశాల్యం ఎంత, ఏ చోట కొలిచారు, ముంజేతిలో ఎంత అన్నవి రాశారా అని అడగండి. రిపోర్టును దాచుకోండి. తరువాత ఎప్పుడైనా పోల్చి చూడటానికి పనికి వస్తుంది.

3. పాలు పిండే పనిని ఇంట్లో ఒక్కరి మీదనే వేయవద్దు. ఒక పూట ఒకరు, మరొక పూట ఒకరు పిండండి. మణికట్టు వంచకుండా పూర్తి పిడికిలితో పిండండి. బొటనవేలు మడిచి పిండటం పశువు చన్నుకూ మంచిది కాదు, మీ చేతికీ మంచిది కాదు. పశువులు ఎక్కువగా ఉన్నవారు చిన్న పాల యంత్రం సంగతి ఆలోచించవచ్చు.

4. తిమ్మిరి చేతికి వేడి తెలియదు. పొయ్యి దగ్గర, వేడి గిన్నెల దగ్గర జాగ్రత్త వహించండి.

5. గర్బర్ పరీక్ష చేసే కేంద్రాలలో టెస్టరుకు వేళ్ళ తిమ్మిరి ఉంటే, తగ్గేదాకా సల్ఫ్యూరిక్ యాసిడ్ సీసా అతని చేతికి ఇవ్వవద్దు. జారిన పెన్నును తీసుకోవచ్చు, జారిన యాసిడ్‌ను ఎవరూ తీయలేరు.

6. స్కానింగు గదిలో లింగ నిర్ధారణ చేయబడదు అనే బోర్డు చూసి, మణికట్టు పరీక్షకు వచ్చినవారు తికమక పడనక్కరలేదు. 1994 నాటి చట్టం, 2003 నాటి సవరణల ప్రకారం స్కానింగు కేంద్రాలు రిజిస్టరు చేయించుకోవాలి, ఆ బోర్డు పెట్టాలి. రిజిస్ట్రేషను పత్రం గోడకు ఉన్నదీ లేనిదీ చూడటం మంచి అలవాటు.

చివరగా కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు, మా తోటి ఇన్‌స్పెక్టర్లకు కూడా ఒక మనవి. తెల్లవారుజామున పాల కేంద్రంలో అందరి చేతులనూ చూసేవారు మీరే. ఏ సభ్యురాలి చేతి నుంచైనా క్యాను మూత పదేపదే జారుతుంటే, ఎవరైనా చేయి విదిలిస్తూ వరుసలో నిలబడితే, సంతకం మారితే, ఒక మాట అడగండి. కొవ్వు శాతంలో ఒక పాయింటు తగ్గితే మనం వెంటనే కారణం అడుగుతాము. ఆ పాలు పిండిన చేతికి పట్టు తగ్గితే అడగకపోవడం న్యాయం కాదు.

ఈ సంవత్సరం తనిఖీకి పోయినప్పుడు ఆమె దాణా రిజిస్టరు తెప్పించి చూశాము. సంతకం ఏప్రిల్ నాటి ముత్యాలంత లేదు గాని చివరిదాకా ఉన్నది. ఆ పేజీ మీద మేము ఏ అభ్యంతరమూ రాయలేదు.